పొట్లంలో ఏముందో మాకు వెంటనే చెప్పండి

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ సభ్యదేశాల ప్రతినిధులకు, ఆయా దేశాల ఆరోగ్య మంత్రిత్వ శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్న వైద్యురాలిని. ఏటా మార్చి నెల ప్రాంతంలో మీరు వియన్నాలో సమావేశమై, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం పంపిన సిఫార్సులను పరిశీలించి, ఏయే మత్తు పదార్థాలను అంతర్జాతీయ నియంత్రణలోకి తేవాలో ఓటు వేసి నిర్ణయిస్తారు. ఒక పదార్థం పేరు మీ జాబితాకెక్కే రోజుకు, దాన్ని వాడి ఒళ్లు గుల్ల చేసుకున్నవాళ్లు మా మంచాల మీదికి వచ్చి వెళ్లి చాలా కాలం అయి ఉంటుంది. వాళ్లలో కొందరు నడిచి ఇంటికి వెళ్లి ఉంటారు, కొందరిని మోసుకెళ్లి ఉంటారు. ఆ మధ్యకాలంలో ఏం జరుగుతుందో, దాన్ని తగ్గించడానికి మీ చేతుల్లో ఏముందో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఇద్దరు కుర్రవాళ్లు మూడో స్నేహితుణ్ణి చెరో వైపు పట్టుకుని తీసుకొచ్చారు. అతనికి పంతొమ్మిదేళ్లు. ఒళ్లు ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది, థర్మామీటరు 41 డిగ్రీల సెల్సియస్ చూపించింది. దవడలు బిగుసుకుపోయి, పళ్ల కింద నలిగిన కింది పెదవి నుంచి రక్తం కారుతోంది. కనుపాపలు విప్పారి ఉన్నాయి, గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకుంటోంది. సెలైన్ కోసం పెట్టిన సూదిని పురుగనుకుని పదేపదే విదిలించుకుంటున్నాడు. ఏం తీసుకున్నాడని అడిగితే స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలీసులకు చెప్పబోమని నర్సు రెండుసార్లు నచ్చజెప్పాక, వాళ్లలో ఒకడు జేబులోంచి వేలెడంత ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున చిటికెడు తెల్లటి పొడి మిగిలి ఉంది. కవరు మీద ఒకే ఒక్క వాక్యం అచ్చు వేసి ఉంది: మనుషుల వాడకానికి కాదు.

మా దగ్గరుండే మూత్ర పరీక్ష కిట్‌లో గంజాయి, నల్లమందు, కొకైన్, ఆంఫెటమిన్ అన్నీ లేవనే వచ్చాయి. ఆ కిట్లు పాత మత్తు పదార్థాలను పట్టుకోవడానికి తయారైనవి, వాటికి ఈ పొడి కనిపించదు. ఏ విషమో తెలియనప్పుడు కనిపించే లక్షణాలకే వైద్యం చేయాలి. ఒంటి చుట్టూ మంచు పెట్టి చల్లబరిచాం, ఫిట్స్ రాకుండా డయజెపాం వర్గపు మందు ఇచ్చాం, సెలైన్ ఎక్కించాం. తెల్లవారేసరికి అతని మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారింది. కండరాలు కరిగి రక్తంలో కలిసి కిడ్నీలను మూసేస్తున్నాయని దాని అర్థం. డయాలసిస్ చేశాక బతికాడు. కవరులో మిగిలిన పొడిని ప్రయోగశాలకు పంపిస్తే ఫలితం పదకొండు వారాల తర్వాత వచ్చింది. అది కాథినోన్లనే ఉత్తేజక రసాయనాల కుటుంబానికి చెందిన ఒక కొత్త పదార్థం. ఆ పదకొండు వారాల్లో అలాంటి లక్షణాలతోనే మరో నలుగురు మా దగ్గరికి వచ్చారు. వాళ్లు తీసుకున్నదీ అదేనా అన్నది నేను ఇప్పటికీ చెప్పలేను.

కొత్త మత్తు పదార్థాలనే మాటలోని 'కొత్త' చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 1961, 1971 సంవత్సరాల అంతర్జాతీయ ఒప్పందాల జాబితాల్లో లేకుండా, ప్రజారోగ్యానికి ముప్పు తేగల పదార్థాలను మీ కార్యాలయాలే ఆ పేరుతో పిలుస్తున్నాయి. అంటే అవి బజారుకు కొత్త, రసాయన శాస్త్రానికి కావు. కాథినోన్లలో ఒకటైన మెఫెడ్రోన్‌ను తొలిసారి తయారుచేసింది 1929లో. దాన్ని అందరూ మరిచిపోయాక, ఈ శతాబ్దం మొదట్లో ఎవరో తవ్వి తీశారు. మొక్కల ఎరువనీ, స్నానపు లవణమనీ పేర్లు పెట్టి ఇంటర్నెట్‌లో బాహాటంగా అమ్మారు. బ్రిటన్ దాన్ని 2010 ఏప్రిల్‌లో నిషేధించింది. అంతర్జాతీయ నియంత్రణలోకి అది వచ్చింది 2015లో. మెదడులో గంజాయి వెళ్లి అతుక్కుని పనిచేసే గ్రాహకాలను అధ్యయనం చేయడానికి అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ తన ప్రయోగశాలలో రూపొందించిన జేడబ్ల్యూహెచ్-018 అనే కృత్రిమ గంజాయి రసాయనం కథా ఇలాంటిదే. అగరువాసన మూలికలన్న పేరుతో అమ్ముతున్న 'స్పైస్' పొట్లాల్లో అది ఉందని యూరప్ ప్రయోగశాలలు 2008 చివర్లో కనిపెట్టాయి. మీ జాబితాలో చేరడానికి దానికి కూడా 2015 దాకా పట్టింది. ఆ ఏడేళ్లలో దాన్ని వదిలేసి తయారీదారులు ఎన్ని మెట్లు ముందుకు వెళ్లారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అణువులో ఒక చోట ఒక ఫ్లోరిన్ పరమాణువును తగిలిస్తే చాలు, పాత పేరుతో చేసిన చట్టం కొత్త సరుకుకు వర్తించదు.

2013 చివరికల్లా ఇలాంటి పదార్థాల సంఖ్య 348కి చేరి, అప్పటికి అంతర్జాతీయ నియంత్రణలో ఉన్న 234 పదార్థాలను దాటిపోయిందని ఐక్యరాజ్యసమితి నివేదికే ప్రకటించింది. ఇప్పుడు ఆ లెక్క 1,200 పైమాటే. వీటన్నిటి విషలక్షణాలూ గుర్తుపెట్టుకోగలిగిన వైద్యులు ఎక్కడా ఉండరు. అది సాధ్యమని ఆశించడం కూడా తగదు.

కృత్రిమ గంజాయి గురించి కాస్త వివరంగా చెప్పాలి. అది గంజాయి లాంటిదేననీ, పైగా పరీక్షల్లో దొరకదనీ నమ్మి తీసుకున్నవాళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. గంజాయి మొక్కలోని టీహెచ్‌సీ మెదడు గ్రాహకాన్ని కొంత మేరకే పనిచేయిస్తుంది, మోతాదు ఎంత పెంచినా దానికి ఒక హద్దు ఉంటుంది. కృత్రిమ రసాయనాలలో ఎక్కువ భాగం అదే గ్రాహకాన్ని పూర్తిస్థాయిలో పనిచేయిస్తాయి. ఆ హద్దు అక్కడ ఉండదు. ఫలితంగా గుండె దడ, ఎడతెరపిలేని వాంతులు, ఫిట్స్, విపరీతమైన భయం, కిడ్నీ దెబ్బతినడం వంటివి చూస్తాం. కొందరిలో వారాల తరబడి వదలని మతిభ్రమణ కూడా వస్తుంది. తయారీ విధానం మరో ప్రమాదం. పొడిని అసిటోన్ లాంటి ద్రావకంలో కరిగించి ఎండిన ఆకుల మీద చల్లుతారు. ద్రావకం అన్ని చోట్లా సమానంగా ఇంకదు కాబట్టి ఒకే పొట్లంలో ఒక చిటికెలో దాదాపు ఏమీ ఉండదు, పక్క చిటికెలో మనిషిని పడగొట్టేంత ఉంటుంది. నిన్న ఇదే పొట్లంలోంచి తాగాను, ఏమీ కాలేదని మాకు చెప్పే రోగి అబద్ధం ఆడటం లేదు.

2016 జులై 12న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే పరిసరాల్లో 33 మంది ఇలాంటి పొగ పీల్చి, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే శూన్యంలోకి చూస్తూ మూలిగే స్థితికి వెళ్లారు. పత్రికలు వాళ్లకు 'జాంబీలు' అని పేరు పెట్టాయి. ఆ మాట నాకు నచ్చదు. మనిషిని బొమ్మ చేసి చూపించే ఏ పేరైనా అతని పక్కన కూర్చుని వైద్యం చేయాలనే ఆలోచనను దూరం చేస్తుంది. వాళ్లు పీల్చినది ఏఎంబీ-ఫ్యూబినాకా అనీ, దాని శక్తి టీహెచ్‌సీ కంటే దాదాపు 85 రెట్లు ఎక్కువనీ తర్వాత తేలింది. 2018లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇలాంటి సరుకు వాడిన 150 మందికి పైగా జనం చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, మూత్రంలో రక్తం పోతూ ఆసుపత్రులకు వచ్చారు. కొందరు చనిపోయారు. ఎలుకల మందులో వాడే బ్రోడిఫాకం ఆ సరుకులో కలిసింది. అది ఒంట్లో నెలల తరబడి ఉండిపోతుంది, కోలుకునేవాళ్లు అన్ని నెలలూ విటమిన్-కె మాత్రలు మింగుతూ ఉండాలి. పొట్లం కొన్నవాళ్లలో ఒక్కరికైనా ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఇంతకంటే పాత ఉదంతం ఒకటుంది. ఈ రంగంలో చదువుకున్నవాళ్లందరికీ తెలిసినదే అయినా, విధాన నిర్ణేతలు మరిచిపోయినట్టు అనిపిస్తుంది. 1982లో ఉత్తర కాలిఫోర్నియాలో కృత్రిమ హెరాయిన్ పేరుతో అమ్మిన పొడిని ఎక్కించుకున్న కొందరు యువకులు రాత్రికి రాత్రే కదల్లేక, మాట్లాడలేక, కొయ్యబారిపోయారు. వృద్ధాప్యంలో వచ్చే పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు ఇరవై, ముప్పై ఏళ్ల వాళ్లలో కనిపించేసరికి వైద్యులు మొదట అది మానసిక వ్యాధేమోనని అనుమానించారు. తయారీలో జరిగిన పొరపాటు వల్ల పుట్టిన ఎంపీటీపీ అనే కల్మషం వాళ్ల మెదడులో కదలికలను నడిపే డోపమిన్ రసాయనాన్ని తయారుచేసే కణాలను చంపేసిందని నాడీవైద్యుడు విలియం లాంగ్‌స్టన్ బృందం బయటపెట్టింది. ఆ కణాలు మళ్లీ పుట్టవు. ఒక్క తయారీలో జరిగిన ఒక్క పొరపాటుకు వాళ్లు జీవితాంతం మూల్యం చెల్లించారు. అలాంటి పొరపాటు మళ్లీ జరగదని ఇవాళ హామీ ఇవ్వగల తయారీదారు ఎవరు? నాణ్యత పరీక్ష, తిరిగి వెనక్కి తీసుకునే ఏర్పాటు, సీసా మీద మోతాదు రాయడం, ఇవేవీ లేని కార్ఖానాలు ఇవి.

ఇటీవలి కాలంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతున్నవి నిటాజీన్లు, అంటే నల్లమందులా పనిచేసే ఓపియాయిడ్ రకం కృత్రిమ రసాయనాలు. 1950ల్లో ఒక స్విస్ ఔషధ సంస్థ నొప్పి మందుల కోసం వీటిని రూపొందించింది. ప్రాణాపాయం లేకుండా వాడగలిగే మోతాదు చాలా ఇరుకుగా ఉండటంతో అవి మందుగా ఎప్పుడూ ఆమోదం పొందలేదు. అరవై ఏళ్ల పాటు కాగితాల్లోనే ఉండిపోయిన ఆ సూత్రాలు మళ్లీ బజారుకెక్కాయి. చైనా ఫెంటనిల్ అనే మరో ఓపియాయిడ్ కుటుంబాన్ని మొత్తంగా నియంత్రణలోకి తెచ్చింది 2019 మేలో, యూరప్‌లో ఐసోటోనిటాజీన్ అనే నిటాజీన్ బయటపడింది కూడా ఆ సంవత్సరమే. ఒక తలుపు మూస్తే సరుకు ఇంకో తలుపు వెతుక్కుందని నేను నమ్ముతున్నాను. 2023లో ఎస్టోనియాలో మత్తు పదార్థాల వల్ల సంభవించిన మరణాల్లో దాదాపు సగం, లాట్వియాలో నాలుగో వంతుకు పైగా నిటాజీన్లతో ముడిపడినవే. నిద్రమాత్ర అనుకుని, లేదా ఆందోళన తగ్గించే మాత్ర అనుకుని వేసుకున్న నకిలీ బిళ్లలో కూడా ఇవి దొరుకుతున్నాయి. ఓపియాయిడ్లకు అలవాటు లేని ఒంట్లోకి అలాంటి ఒక్క బిళ్ల వెళ్లినా శ్వాస ఆగిపోవచ్చు. దీనికి విరుగుడు ఉంది. నాలాక్సోన్ సకాలంలో అందితే మనిషి కళ్లముందే మళ్లీ ఊపిరి పీల్చుకుంటాడు. అయితే ఒక మోతాదు చాలకపోవచ్చు, ఒకసారి లేచినవాడు కాసేపటికి మళ్లీ ఒరిగిపోవచ్చు. కాబట్టి పక్కన మరో మనిషి ఉండాలి, ఆ మనిషి భయపడకుండా అంబులెన్సుకు ఫోన్ చేయగలగాలి. నకిలీ బిళ్లలో ఉన్నది బ్రోమజోలాం లాంటి బెంజోడయజెపిన్ (ఆందోళన తగ్గించే మందుల వర్గం) అయితే నాలాక్సోన్ దాని మీద పనిచేయదు. నెలల తరబడి దానికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. దాన్ని వైద్యుల పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా తగ్గించాలి.

అన్ని హానులూ అర్ధరాత్రి అంబులెన్సులో రావు. కెటమిన్ అనే మత్తుమందు విషయమే తీసుకోండి. విరిగిన ఎముకను సరిచేసేటప్పుడు, కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు నేను దాన్ని వాడతాను. మత్తు వైద్య నిపుణులు లేని చోట్ల ఆపరేషన్లు జరిగేది ఎక్కువగా దాని పుణ్యమా అనే. అందుకే దాన్ని అంతర్జాతీయ నియంత్రణలోకి తేవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ అదే కెటమిన్‌ను వారంలో చాలాసార్లు పీల్చే ఒక యువతి మా ఆసుపత్రికి వచ్చినప్పుడు, పావుగంటకొకసారి మూత్రానికి వెళ్లాల్సి వస్తోందనీ, బస్సెక్కే ముందు దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడున్నాయో లెక్కపెట్టుకుంటున్నాననీ చెప్పింది. ఆమె మూత్రాశయం గోడ మందమై, ముడుచుకుపోయి, కప్పు నీళ్లు కూడా పట్టని సంచిలా తయారైంది. విషాదం ఏమిటంటే ఆ నొప్పి భరించలేక ఆమె మళ్లీ కెటమినే పీల్చేది, ఎందుకంటే ఆ నొప్పి తగ్గేది దానితోనే. ఈ జబ్బు సంగతి 2007లోనే వైద్య పత్రికల్లోకి ఎక్కినా, చాలామంది వైద్యులు మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసి పంపుతూనే ఉన్నారు. ఆమెకు కూడా అంతకు ముందు అదే జరిగింది. మత్తు గురించి ఆమెను ఎవరూ అడగలేదు, అడగందే తాను చెప్పుకోలేకపోయింది. నైట్రస్ ఆక్సైడ్ కూడా ఇలాగే నెమ్మదిగా దెబ్బతీస్తుంది. బెలూన్లలో నింపి పీల్చే ఆ వాయువు ఒంట్లోని బి-12 విటమిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. పాదాలు మొద్దుబారడంతో మొదలై వెన్నుపాము దెబ్బతిని నడక తప్పేదాకా వెళుతుంది.

ఇక సమాజానికి జరిగే హాని. దీన్ని నేరాల లెక్కల్లోనే వెతికితే చాలా భాగం కనిపించకుండా పోతుంది. కాథినోన్ల మత్తు త్వరగా దిగిపోతుంది, దిగగానే మళ్లీ కావాలనిపిస్తుంది. హెరాయిన్ రోజుకు మూడు నాలుగు సార్లు ఎక్కించుకునే మనిషి వీటికి మారితే అంతకు ఎన్నో రెట్లు సార్లు సూది గుచ్చుకుంటాడు. అన్ని శుభ్రమైన సూదులు అతనికి ఎవరిస్తారు? రుమేనియాలో 2011 ప్రాంతంలో, ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో 2015 ప్రాంతంలో హెచ్‌ఐవీ కేసులు ఒక్కసారిగా పెరగడానికి వెనుక ఇలా సూదితో ఎక్కించుకున్న కాథినోన్లు ఉన్నాయి. ఆ ప్రభావం వాడినవాళ్లతో ఆగదు, వాళ్ల భార్యాభర్తలకూ, పుట్టబోయే పిల్లలకూ చేరుతుంది.

జైళ్లలో పరిస్థితి ఇంకో రకం. కృత్రిమ గంజాయి రసాయనాన్ని కాగితం మీద చల్లి ఆరబెడితే అది మామూలు ఉత్తరంలాగే కనిపిస్తుంది. మూత్ర పరీక్షలో సాధారణ గంజాయి దొరికిపోతుంది, ఇది చాలాసార్లు దొరకదు. ఖైదీలు దీనికి మళ్లడానికి అదొక పెద్ద కారణం. కొత్త సరుకు ఎంత ఘాటుగా ఉందో తెలుసుకోవడానికి, అప్పు తీర్చలేని ఖైదీకి ముందుగా తాగించి చూసిన ఘటనలు బ్రిటన్ జైళ్ల తనిఖీల్లో బయటపడ్డాయి. నిలువ నీడలేక వీధుల్లో పడుకునేవాళ్లు చలినీ, రాత్రినీ మరిచిపోవడానికి అతి తక్కువ ఖర్చుతో దొరికేది ఇదేనని వాడతారు. వాళ్లు కుప్పకూలినప్పుడు జనం తప్పుకుని వెళ్లిపోతారు, లేదా ఫోన్లో వీడియో తీస్తారు. బడి పిల్లల సంగతి మరీ కలవరపెడుతోంది. ఇంగ్లండ్‌లోని కొన్ని బడుల్లో విద్యార్థుల దగ్గర స్వాధీనం చేసుకున్న వేప్‌లను (ఈ-సిగరెట్లను) బాత్ విశ్వవిద్యాలయం పరీక్షించినప్పుడు దాదాపు ఆరింటిలో ఒకదానిలో కృత్రిమ గంజాయి రసాయనం దొరికింది. ఆ పిల్లల్లో చాలామంది తాము పీలుస్తున్నది మామూలు గంజాయి నూనె అనుకుని ఉంటారు.

ఇళ్లలో జరిగేది ఏ గణాంకాల్లోకీ ఎక్కదు. చదువులో ముందుండే కొడుకు మూడు నెలల్లో గదిలోంచి బయటికి రావడం మానేసి, గోడలో మైకులు పెట్టారని అర్ధరాత్రి గోడ తవ్వుతుంటే, ఆ తల్లికి అది మత్తు వల్లనో, స్కిజోఫ్రీనియా వల్లనో ఎవరూ తేల్చి చెప్పలేరు. వాడినది ఏమిటో తెలియకపోతే మానసిక వైద్యులు కూడా కాలమే తేల్చాలని చెప్పాల్సివస్తుంది. ఆ అనిశ్చితిలో ఆ కుటుంబం అప్పు చేస్తుంది, ఒకళ్లనొకళ్లు నిందించుకుంటుంది, చుట్టాలకు మొహం చాటేస్తుంది.

నేను నిషేధానికి వ్యతిరేకిని కాను. ఐర్లండ్ 2010లో, బ్రిటన్ 2016 మే 26 నుంచి మద్యం, పొగాకు వంటి మినహాయింపులు పోను మత్తు కలిగించే పదార్థాలన్నిటి అమ్మకాన్నీ ఒక్క చట్టంతో నిషేధించాక వీధి మొగలో బాహాటంగా అమ్మే దుకాణాలు మూతపడ్డాయి. కుతూహలం కొద్దీ కొని చూసే యువకులు తగ్గారు. అది మంచి ఫలితమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. కానీ వీధుల్లో పడుకునేవాళ్ల దగ్గర, జైళ్లలో వాడకం ఆగలేదు, సరుకు వీధి వ్యాపారుల చేతుల్లోకి పోయింది. ఏముందో కవరు మీద అబద్ధంగానైనా రాసి ఉండే పొట్లం పోయి, ఏమీ రాసి లేని పొట్లం వచ్చింది. అంటే నిషేధించిన రోజు నుంచి, లోపల ఏముందో తెలుసుకునే బాధ్యత పూర్తిగా ప్రభుత్వానిది అవుతుంది. ఆ బాధ్యత దగ్గరే దేశాలు ఆగిపోతున్నాయి. స్వాధీనం చేసుకున్న సరుకును న్యాయస్థానం కోసం పరీక్షిస్తారు, ఆ నివేదిక కేసు ఫైలులో చేరుతుంది. పక్క వీధిలోని ఆసుపత్రికి చేరదు.

ఇది చేయలేని పనేం కాదు. యూరప్ సమాఖ్య ముందస్తు హెచ్చరిక వ్యవస్థ 1997 నుంచి ఉంది. ఐక్యరాజ్యసమితి హెచ్చరిక వేదిక 2013లో మొదలైంది. నెదర్లాండ్స్‌లో ఎవరైనా తమ దగ్గరున్న సరుకును పేరు చెప్పకుండా ఇచ్చి పరీక్ష చేయించుకునే ఏర్పాటు 1992 నుంచి ప్రభుత్వ మద్దతుతో నడుస్తోంది. ప్రాణాంతకమైన బిళ్ల దొరికితే దాని రంగు, ఆకారం, మీద ఉన్న గుర్తుతో సహా ప్రజలను హెచ్చరిస్తారు. న్యూజిలాండ్ 2021లో ఇలాంటి పరీక్షకు శాశ్వత చట్టబద్ధత కల్పించింది. పరీక్ష సౌకర్యం ఇస్తే వాడకాన్ని ప్రోత్సహించినట్టు కాదా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను, నాకూ ఎదిగిన పిల్లలున్నారు. నా జవాబు ఇది: పరీక్ష చేయించుకోవడానికి అక్కడికి వచ్చే మనిషి సరుకు అప్పటికే కొన్నాడు, జేబులో పెట్టుకున్నాడు. అతను అనుకున్నది అందులో లేదని తెలిశాక దాన్ని అక్కడే అప్పగించి వెళ్లినవాళ్లు ఉన్నారు. అంతకు ముందు ఒక్క ఆరోగ్య కార్యకర్తతోనైనా మాట్లాడని మనిషి మొదటిసారి మాట్లాడేది కూడా అక్కడే.

కాబట్టి నా అభ్యర్థన పెద్దదేమీ కాదు. అత్యవసర విభాగాలు పంపే నమూనాలను రోజుల్లో తేల్చగల ప్రయోగశాలలను ప్రతి దేశమూ తన ఆరోగ్య బడ్జెట్‌లో భాగంగా నిర్వహించాలి. కొత్త పదార్థాన్ని గుర్తించడానికి పోల్చిచూసుకునే ప్రామాణిక నమూనా కావాలి. అది లేని ప్రయోగశాల ఎంత ఖరీదైన యంత్రం పెట్టుకున్నా గుడ్డిదే. నియంత్రిత పదార్థం కాబట్టి ప్రామాణిక నమూనాను దిగుమతి చేసుకోవడానికి అనుమతులు కావాలంటూ నెలలు గడిపే దేశాలున్నాయి. ఆ అనుమతులను సులభం చేయడం పూర్తిగా మీ అధికారంలో ఉంది. పోలీసుల, కస్టమ్స్ శాఖల పరీక్ష ఫలితాలు వచ్చిన రోజే ఆసుపత్రులకు కూడా చేరాలి. ప్రమాదంలో ఉన్న స్నేహితుణ్ణి ఆసుపత్రికి తెచ్చినవాళ్ల మీద, తమ దగ్గరున్న పొట్లాన్ని వైద్యుల చేతికి ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టబోమని చట్టంలోనే రాయాలి. ఆ రాత్రి మా నర్సు ఇచ్చిన హామీకి ఏ చట్టమూ అండగా లేదు. అయినా ఆమె ఇచ్చింది, ఇవ్వకపోతే ఆ కవరు జేబులోంచి బయటికి వచ్చేది కాదు. నాలాక్సోన్‌ను అంబులెన్సుల్లోనే కాకుండా వాడేవాళ్ల కుటుంబాల చేతుల్లోనూ, జైలు నుంచి విడుదలయ్యేవాళ్ల చేతుల్లోనూ పెట్టాలి. బయటికి వచ్చిన తొలి రోజుల్లో, తట్టుకునే శక్తి తగ్గిన ఒంటికి పాత మోతాదు ఎక్కించుకుని చనిపోయేవాళ్లు ఎక్కువ.

బడుల్లో చెప్పే పాఠాలను గురించి ఒక్క మాట. ఒక్కసారి ముట్టుకుంటే చచ్చిపోతారని పిల్లలకు చెబుతున్నారు. ముట్టుకున్న స్నేహితుడు మర్నాడు మామూలుగా తరగతికి రావడం వాళ్లు చూస్తారు, ఆ క్షణం నుంచి మన మాటలేవీ నమ్మరు. నిజం చెబితే చాలు, అదే తగినంత భయంకరంగా ఉంది: నిన్నటి పొట్లానికీ ఇవాళ్టి పొట్లానికీ సంబంధం లేదు, అమ్మినవాడికి కూడా లోపల ఏముందో తెలియదు, స్నేహితుడు లేపినా లేవకపోతే నిద్రపోతున్నాడని వదిలేయకూడదు.

వచ్చే మార్చి సమావేశంలో ఏయే పదార్థాల మీద ఓటు వేయాలో మీ కార్యక్రమ పట్టికలో ఎలాగూ ఉంటుంది. దానికి మరో అంశం జోడించమని కోరుతున్నాను. రోగి నుంచి నమూనా తీసుకున్న రోజుకూ, ఫలితం ఆ ఆసుపత్రికి చేరిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు పడుతోందో ప్రతి సభ్యదేశమూ లెక్కగట్టి, ఆ సంఖ్యను సమావేశంలో బహిరంగంగా ప్రకటించాలి. మా విభాగం లెక్క పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ పంతొమ్మిదేళ్ల కుర్రవాడి విషయంలో అది 77 రోజులు.

గౌరవంతో,
అత్యవసర విభాగంలో పనిచేస్తున్న ఒక వైద్యురాలు